దీర్ఘం లేని ఈల

డ్రిల్ మాస్టారు పోయిన రోజున తెలుగు టీచరు పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది. ఆ నీళ్ళు ఇగిరిపోయి, గిన్నె అడుగు నల్లబడి, ఇల్లంతా మాడు వాసన కమ్ముకునేదాకా మళ్ళీ కుర్చీలోంచి లేవలేదు. ఒళ్ళో తొమ్మిదో తరగతి పేపర్లున్నాయి. చెట్ల వల్ల ఉపయోగాలు రాయమంటే నలభై మందీ కూడబలుక్కున్నట్టు 'చెట్లు మనకు నీడనిచ్చును' అని మొదలుపెట్టారు. ముప్ఫై ఒకటో పేపరు మీద ఎర్రగీత పెడుతుండగా అడవి వైపు నుంచి ఈల వినిపించింది. మూడుసార్లు, పొడుగ్గా. ఆవిడ గడియారం చూసింది. ఐదూ పది. ఇంకో పావుగంటలో వస్తారన్నమాట అనుకుని లేచి నీళ్ళు పెట్టి, వచ్చి కూర్చుంది.

కాసేపటికి మళ్ళీ ఈల. మళ్ళీ మూడు.

"పెట్టానులెండి మహానుభావా, మరుగుతున్నాయి" అని గోడకేసి చెప్పి ముప్ఫై మూడో పేపరు తీసింది.

ఏడింటికి అడవి బాట గేటు మూయడానికి వచ్చిన కాపలాదారు రెండో మలుపు దగ్గర కాలువలో మాస్టారిని చూశాడు. తడిసిన ఆకుల మీద కాలు జారింది. తొడ ఎముక విరిగింది. ఈల ఇంకా పళ్ళ మధ్యే ఉంది. ఆసుపత్రిలో డాక్టరు గడియారం చూసుకుని, "ఒక్క గంట ముందు తెచ్చి ఉంటే" అని ఆగిపోయాడు. అంతటితో ఆ వాక్యం పూర్తయిందనుకున్నాడు కాబోలు. పిల్లలు అలా 'ఉంటే' దగ్గర వాక్యం వదిలేస్తే టీచరు సగం మార్కు కోసేది.

ఆ ఈల భాష వాళ్ళిద్దరిదీ. పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకే బడిలో కొత్తగా చేరారు. ఒకరోజు ఆవిడ నల్లబల్ల తుడవకుండా తరగతి వదిలి వెళ్ళింది. వాన మూలాన పిల్లల్ని లోపలే కూర్చోబెట్టిన డ్రిల్ మాస్టారు ఆ బల్లని గంటసేపు చూసి, స్టాఫ్ రూములో అడిగారు.

"ఏం పంతులమ్మా, పద్యం నెత్తి మీద ఆ గిన్నెలూ పుల్లలూ ఏమిటి?"

"పుల్ల లఘువు. చిటికె వేసేంత సేపు పలకాలి. గిన్నె గురువు. దానికి రెట్టింపు."

"అంటే పొట్టి ఈల, పొడుగు ఈల. ఇంతేనా మీ ఛందస్సు? దీనికా అన్నేళ్ళు చదివారు?" అని మెడలో ఈల తీసి అక్కడే ఊది చూపించారు. హెడ్మాస్టరు తన గదిలోంచి లేచి వచ్చారు.

మూడు గురువులు మగణం. మూడు లఘువులు నగణం. పెళ్ళయ్యాక ఆయన వాటికి సొంత అర్థాలు కట్టారు. "మ అంటే మరిగించు. నేను బయల్దేరాను, టీకి నీళ్ళు పడెయ్యమని. న అంటే నా దగ్గరికి రా. చేతిలో ఏముంటే అది వదిలేసి ఉన్నపళంగా రావాలి." సాయంత్రం అడవిలో నడక ముగించి తిరిగొచ్చేటప్పుడు, ముప్ఫై ఏళ్ళలో మగణం రోజూ మోగింది. నగణంతో ఒక్కసారీ పని పడలేదు. ఫోను పట్టుకెళ్ళండి అంటే, "మెడలో ఈల ఉండగా జేబులో ఫోనెందుకు" అనేవారు.

ఆ పేటలో నాలుగు వీధులు. నాలుగింటికీ చివర అడవి. అడవి పక్కన ఉంటున్నామని అక్కడివాళ్ళు కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటారు గానీ లోపలికి వెళ్ళేవాళ్ళు తక్కువ. వెళ్ళినా బూటుకి మట్టి అంటకుండా మొదటి మలుపు దాకా నడిచి, ఒక ఆకుని ఫోటో తీసుకుని వెనక్కి తిరుగుతారు. పిట్టల కూతలు ఎంత హాయిగా ఉంటాయో చెబుతారు. చెప్పేటప్పుడు చెవుల్లోంచి పాటల తీగలు బయటికి తీస్తారు. బాట మొదట్లో పేట నివాసుల సంఘంవారి బోర్డుంది. పరుగెత్తరాదు, కేకలు వేయరాదు, బంతి ఆడరాదు, గట్టిగా నవ్వరాదు. మాస్టారు దాన్ని చివరిదాకా చదివి, అడుగున పెన్సిలుతో 'ఊపిరి పీల్చవచ్చునా?' అని రాసి వచ్చారు. దాని మీద సంఘం రెండు సమావేశాలు పెట్టింది.

సంఘం అధ్యక్షుడు ఏదో కార్యాలయంలో పెద్ద పదవి చేసి దిగిన మనిషి. ప్రతి ప్రకటనలో 'ప్రశాంతతకు భంగం' అని రాస్తాడని మాస్టారు ఆయనకి 'శాంతిభద్రతలు' అని పేరు పెట్టారు. కార్యదర్శి ఒకావిడ. అనవలసినవన్నీ అనేసి 'ఏమనుకోకండి' అంటుంది గనక ఆవిడ 'ఏమనుకోకండి గారు'. ఆవిడ ఫోనులో సగం దీర్ఘాలు కొట్టదు. ఆవిడ సందేశాల్లో మామ మమ అవుతాడు, దారి దరి అవుతుంది. "ఏమిటో, ఆవిడ రాతలో దీర్ఘాయుష్షు ఎవరికీ లేదు" అని మాస్టారు నవ్వేవారు.

మాస్టారు పోయిన వారానికి పేటవాళ్ళ వాట్సాప్ గుంపులో సంగతి బయటపడింది. టీచరు ఆ గుంపు నోరు నొక్కేసి ఏడాదైంది. దాన్ని తెరిచింది ఆడపడుచు. మాస్టారి చెల్లెలు, కుట్టుపని చేస్తుంది. మెడలో కొలత టేపుతోనే వచ్చింది, దాన్ని తీయకుండానే వదిన దగ్గర ఉండిపోయింది.

"వదినా, ఇది విను. అన్నయ్య కాలువలో పడున్నప్పుడు మీవాళ్ళు కబుర్లాడుకున్నారు."

"మావాళ్ళేమిటి?"

"సరే, అడవి జంతువులనుకో. జంతువులే నయం, ఎవరైనా అరిస్తే తల తిప్పి చూస్తాయి. ఐదూ పన్నెండుకి మీ కార్యదర్శి. 'అడవి దారిలో ఎవరో పీ పీ పీ మని ఈల ఊదుతున్నారు. పిల్లలు చదువుకోవాలి. ఏమనుకోకండి.' ఐదున్నరకి అధ్యక్షులవారు. 'ప్రశాంతతకు భంగం కలిగించు శబ్దములు నియమావళి ఏడవ అంశమునకు విరుద్ధము. సంబంధితులు గమనించగలరు.' దానికింద పదకొండు బొటనవేళ్ళు. ఆరింటికి ఎవడో కుక్కగలాయన. 'మా కుక్క ఆ ఈలకి బెదిరి మంచం కింద దూరింది. దీనికెవరు బాధ్యులు?' ఎనిమిదింటికి దండాలు పెడుతున్న చేతులు, వాటి పక్కన కొవ్వొత్తులు. లెక్కపెట్టాను. ఆ పదకొండు బొటనవేళ్ళవాళ్ళే."

"సంబంధితులు గమనించారు" అంది టీచరు.

"నువ్వెలా ఊరుకుంటున్నావు వదినా? నాకైతే వీళ్ళ మూతులకి కాజాలు కుట్టాలనుంది."

టీచరు మాడిన గిన్నెని ఇసక వేసి తోముతోంది. వారం నుంచీ తోముతూనే ఉంది. ఆ గిన్నె ఎందుకు మాడిందని ఆడపడుచు ఒకసారి అడిగింది. మరిచిపోయానంది టీచరు. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

మూడో వారంలో సంఘంవారు ఇంటికి వచ్చారు. శాంతిభద్రతలు చేతిలో కాగితాల సంచీ. ఏమనుకోకండి గారు ఉతికి ఆరేసినట్టున్న ముఖంతో ఆయన వెనకాల.

"ఏమనుకోకండి టీచరుగారూ, మేము ముందే రావలసింది."

"ముందే అంటే ఎన్నింటికండీ?" అంది ఆడపడుచు నోట్లో గుండుసూదులతో. "ఐదూ పన్నెండుకా?"

శాంతిభద్రతలు దగ్గాడు. ఆయన దగ్గు కూడా నియమావళి ప్రకారం, రెండుసార్లే, చేతిరుమాలు అడ్డం పెట్టుకుని.

"అమ్మా, జరిగింది దురదృష్టకరం. సంఘం తీర్మానించింది ఏమిటంటే, మాస్టారు పడిన చోట ఒక బల్ల వేయిద్దామని. కూర్చునే బల్ల. దానికి ఇత్తడి పలక. మొన్న వానలకి పాడైన కాలువ పక్క బాట కూడా బాగుచేయించాం, ఆకులు రోజూ ఊడ్పిస్తున్నాం."

"చేతులు కాలాక ఆకులన్నారు పెద్దలు" అంది ఆడపడుచు. "మీరు చూడబోతే ఆ ఆకులు కూడా ఊడ్పించేశారు."

"నువ్వు కాసేపు ఊరుకో" అంది టీచరు. ఆయన వైపు తిరిగి, "పలక మీద ఏం రాయిద్దామని?" అని అడిగింది.

ఆయన సంచీలోంచి కాగితం తీశాడు. దాన్ని చదవడానికి లేచి నిలబడ్డాడు. "'ప్రశాంతతను ప్రాణప్రదంగా ప్రేమించిన డ్రిల్ మాస్టారి స్మృత్యార్థం, నివాసుల సంఘం.' నేనే రాశాను. మూడు 'ప్ర'లు కుదిరాయి. భాష మీ చేతిలోది కనక, మీరొకసారి చూస్తే ఆదివారానికి చెక్కించేస్తాం."

ముప్ఫై ఏళ్ళు నాలుగు వందల మంది పిల్లల చెవుల్లో ఈల ఊదిన మనిషి ప్రశాంతతను ప్రాణప్రదంగా ప్రేమించాడట. టీచరు ఆ కాగితం అందుకుంది. ఎర్రపెన్ను కోసం చెయ్యి దానంతటదే వెళ్ళింది.

"స్మృత్యర్థం" అంది. "అక్కడ దీర్ఘం లేదు."

"ఆఁ?"

"స్మృతి, అర్థం. రెండూ కలిస్తే స్మృత్యర్థం. మీరు లేని దీర్ఘం తగిలించారు."

ఏమనుకోకండి గారి ముఖం విప్పారింది. "చూశారా అధ్యక్షులుగారూ! నేను దీర్ఘాలు ఎగరగొడతానని గుంపులో అందరూ నన్ను ఆటపట్టిస్తారు. మీరేమో లేనిచోట పెడుతున్నారు. ఏమనుకోకండి."

వాళ్ళు నవ్వబోయారు. ఇది ఎవరిల్లో గుర్తొచ్చి ఆపుకున్నారు. మిగతా వాక్యం మార్చవలసి ఉందని, ఆదివారం లోపల తనే రాసిస్తానని టీచరు చెప్పింది. 'తప్పకుండా, మీ ఇష్టం, మీరెలా రాస్తే అలా' అంటూ ఇద్దరూ మెట్లు దిగారు. గేటు చప్పుడు కాకుండా వేశారు. ఆ పేటలో గేటు వేయడం ఒక విద్య.

"మీ ఇష్టం అన్నారుగా" అంది ఆడపడుచు. గుండుసూదులన్నీ నోట్లోంచి తీసి దిండుకి గుచ్చింది. "రాయి. ఇత్తడి మీద రాయి, తుడిస్తే పోకుండా. ఫలానా చోట ఒక మనిషి పడి ఈల ఊదితే ఇంతమంది విని తలుపులేసుకున్నారని. తిలాపాపం తలా పిడికెడు. ఎవరి పిడికిలి వాళ్ళకి కనపడాలి."

"చెక్కిస్తారంటావా?"

"చెక్కించకపోతే ఎందుకు చెక్కించలేదో పదిమందిలో అడుగుదువుగాని. నీ దగ్గర మాటుంది వదినా. నా దగ్గర కత్తెరే ఉంది."

మర్నాడు సెలవు. టీచరు కిటికీ దగ్గర కూర్చుని తెల్లకాగితం మీద రాసింది. 'ఈ చోట కాలు విరిగి పడిపోయిన మనిషి గంటసేపు ఈల ఊదాడు. పద్నాలుగు మంది విన్నారు. ఎవరూ రాలేదు.' మూడు వాక్యాలు. కర్త ఉన్నాడు, క్రియ ఉంది. శాంతిభద్రతలు కట్టిన మూడు 'ప్ర'ల పూసలదండ కంటే నయంగా ఉంది. ఆ పలక చదివినప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే పేట పేటంతా భుజాలు తడుముకుంటుంది. కుక్కగలాయన కుక్క భుజం కూడా తడుముతాడు. మూడు వారాల్లో మొదటిసారి ఆవిడ పెదవి కొంచెం కదిలింది.

తప్పు అంకె ఇత్తడికి ఎక్కకూడదని, లెక్క సరిచూసుకోవడానికి ఫోను తీసింది. రాసినవాళ్ళు ముగ్గురు, బొటనవేళ్ళు పదకొండు. పద్నాలుగు సరిపోయింది. ఇన్నాళ్ళూ ఆడపడుచు నోట వినడమే గాని ఆ సందేశాలని ఆవిడ కళ్ళతో చూడలేదు. ఇప్పుడు చూసింది.

'అడవి దరిలో ఎవరో పి పి పి మని ఈల ఉదుతున్నరు. పిల్లలు చదువుకోవలి. ఏమనుకోకండి.'

దరిలో. ఉదుతున్నరు. చదువుకోవలి. ఎర్రపెన్ను పట్టే వేలు వరసగా దీర్ఘాలు తగిలించుకుంటూ వెళ్ళి, 'పి పి పి' దగ్గర నిలబడిపోయింది.

ఆడపడుచు చదివినప్పుడు 'పీ పీ పీ' అని చదివింది. ఎవరైనా అలాగే చదువుతారు. ఈల అంటే 'పీ'. అలవాటు కొద్దీ ఆ దీర్ఘం కూడా కార్యదర్శి ఎగరగొట్టిందనే అనుకుంటారు.

ఎగరగొట్టకపోయి ఉంటే?

కార్యదర్శి పెరటి గోడ రెండో మలుపుకి ఇరవై అడుగులు. టీచరు ఇల్లు మూడో వీధి మొదట్లో. మధ్యలో అడవి ఉంది, వీధులున్నాయి, మూసిన కిటికీ ఉంది. పొట్టి ఈల అంత దూరం చెట్లలో తగిలి తగిలి సాగిపోయి వచ్చిందేమో. ఆయన ఊదింది మూడు లఘువులైతే అది నగణం. నా దగ్గరికి రా. చేతిలో ఏముంటే అది వదిలేసి. ఆవిడ చేతిలో ముప్ఫై ఒకటో పేపరుంది. చెట్లు మనకు నీడనిచ్చును.

లేకపోతే, నొప్పికి ఊపిరి తెగక ఆయనే పొట్టి ఈలని పొడుగ్గా ఈడ్చారేమో. అప్పుడు ఆవిడ విన్నది సరిగ్గానే విన్నట్టు. తప్పు ఆవిడది కాదు.

జ్ఞాపకం చేసుకుందామని కళ్ళు మూసుకుంది. మూడుసార్లు వినపడ్డమాట నిజం. పొడుగ్గా అని ఇన్నాళ్ళూ అనుకుంది. ఇప్పుడు ఆ ఈలని మనసులో పొట్టిగా ఊదించుకుంటే పొట్టిగానూ వినిపిస్తోంది. ముప్ఫై ఏళ్ళు గణవిభజన నేర్పిన మనిషి. గురువుకీ లఘువుకీ తేడా తెలియదని ఎంతమంది పిల్లల్ని బెంచీ ఎక్కించిందో లెక్కలేదు. ఏమీ చదువుకోని కుక్క ఆ ఈల విని మంచం కింద దూరింది. ఈవిడ టీ పెట్టింది.

కాగితం మీద 'పద్నాలుగు' అన్న మాట చూసింది. ఒక్క పిడికెడు తక్కువైంది.

ఆ సాయంత్రమే కార్యదర్శి ఇంటికి బయల్దేరింది. వీధి పొడుగునా కత్తిరించిన కంచెలు, పక్కింటి కంచెకంటే అంగుళం ఎక్కువ పెరిగితే నోటీసు వచ్చేవి. ఏమనుకోకండి గారు గేటు దగ్గరే కుండీలకి నీళ్ళు పోస్తోంది. టీచరుని చూసి చెంబు కింద పెట్టి ఎదురొచ్చింది.

"రండి రండి. పలక సంగతేనా? కుర్చీ తెస్తానుండండి."

"వద్దు. ఒక్క మాట అడిగి పోతాను."

"అడగండి." ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఒక్క క్షణమైనా ఆగకుండా మళ్ళీ తనే అందుకుంది. "ఏమనుకోకండి టీచరుగారూ, మీరొస్తారని నాకు తెలుసు. ఆ వెనక కిటికీ చూశారా? ఆ రోజు నుంచీ తెరవడం లేదు. మా ఇంటాయన గాలాడటం లేదంటున్నా తెరవనివ్వడం లేదు."

ఈల మోగుతున్నంతసేపూ తెరిచే ఉండి అంతా విన్న కిటికీ. ఈల ఆగిపోయాక మూసి పెట్టి దాన్ని చూపించుకుంటోంది. టీచరుకి ఒళ్ళు మండింది. మండినందుకు కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. తన ఇంట్లో తోమినా తోమినా పోని గిన్నె ఒకటుంది.

"మీరు గుంపులో పెట్టిన సందేశం..." అని మొదలుపెట్టింది.

కార్యదర్శి ముఖం పాలిపోయింది. "అయ్యో, అదా? చెరిపేద్దామని చూశానండీ, పాతబడితే చెరగదట. అందులో తప్పులున్నాయా?"

"ఉన్నాయి."

"ఉంటాయి లెండి, నా రాత నాకు తెలీదా. మీరు దిద్దండి. నిజంగా ఏమనుకోను. ఎక్కడెక్కడ దీర్ఘం పెట్టాలో చెప్పండి."

టీచరు ఆవిడ ముఖంలోకి చూసింది. అడగవలసిన మాట చాలా చిన్నది. మీరు విన్న ఈల పొట్టిదా, పొడుగుదా? అడిగితే ఈవిడ చెప్పేస్తుంది. కొంగు నోటికడ్డం పెట్టుకుని, నిలుచున్న చోటే, 'పి' అనో 'పీ' అనో ఊది చూపించేస్తుంది కూడా. ఇల్లాంటి మనిషి నోటి నుంచి, ఒక్క వాక్యం సరిగా రాయలేని చేతుల నుంచి, ఆ తీర్పు అందుకోవాలి.

"దరి కాదు, దారి" అంది టీచరు.

"దారి" అంది కార్యదర్శి బుద్ధిగా.

"అంతే. వెళ్ళొస్తాను."

ఆదివారం బల్ల వేశారు. దిట్టమైన చెక్క, కాళ్ళు సిమెంటులో పాతారు. వెనక భాగంలో ఇత్తడి పలక బిగించారు. మాటలు అందగానే చెక్కిస్తామని శాంతిభద్రతలు ప్రకటన పెట్టాడు. దానికింద పదకొండు బొటనవేళ్ళు. రెండో మలుపు దాకా ఎన్నడూ రానివాళ్ళు కూడా ఇప్పుడు వచ్చి ఆ బల్ల మీద కూర్చుంటున్నారు. ఎంత ప్రశాంతంగా ఉందో అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. లేచేముందు బల్ల కాలికి బూట్ల మట్టి రాస్తున్నారు.

ఆడపడుచు ఆ వారమే వెళ్ళిపోయింది. బస్సు ఎక్కేముందు వదిన చెయ్యి పట్టుకుంది.

"పద్నాలుగు అని రాయించు వదినా. ఒక్కటి తగ్గినా నేను ఒప్పుకోను."

"తగ్గదులే" అంది టీచరు.

తర్వాత రెండుసార్లు కార్యదర్శి బాటలో ఎదురైంది. మొదటిసారి వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. రెండోసారి 'మీరు చెప్పినప్పటి నుంచీ జాగ్రత్తగా రాస్తున్నానండీ' అని ఆవిడే ఫోను తీసి చూపించింది. దీర్ఘాలన్నీ ఉన్నాయి. లేనిచోట కూడా ఉన్నాయి.

పలక మీద ఒక్క అక్షరమూ పడలేదు. ఆ ఈల పొట్టిదో పొడుగుదో టీచరు ఆవిడని ఇంకా అడగలేదు.